గేమ్ రివ్యూ స్కోర్‌ని ఎలా చదవాలి? 84కీ 85కీ మధ్య అసలు తేడా ఏంటి?

పీఎస్5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న లాంచ్ అయినప్పుడు సోనీ పెద్ద గేమ్స్ ధర 4,999 రూపాయలు. ఆ డబ్బుకి ఒక మంచి ఇయర్‌బడ్స్ వస్తాయి, లేదా కొన్ని నెలల బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కట్టేయొచ్చు. ఫోన్ అయితే షోరూంకి వెళ్లి చేతిలో పట్టుకుని చూసి కొంటాం. గేమ్‌కి ఆ వీలు లేదు. డిజిటల్ కాపీ అయితే ఇంకా కష్టం. ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న 14 రోజుల్లోపు రిఫండ్ అడగొచ్చు కానీ, గేమ్ డౌన్‌లోడ్ చేయడం మొదలుపెడితే మామూలుగా ఆ అవకాశం పోతుంది. కాసేపు ఆడి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేద్దాం అంటే కుదరదు.

అందుకే కొనే ముందు అందరం చేసే పని ఒకటే. గేమ్ పేరు పక్కన "రివ్యూ" అని కొట్టి, పైన కనిపించే నంబర్ చూస్తాం. 90 ఉంటే కొనేస్తాం, 70 ఉంటే వదిలేస్తాం. కానీ ఆ నంబర్ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు ఏ మెషీన్ మీద ఆడి ఇచ్చారు, అందులో ఏం ఉంది, ఏం లేదు అనేది తెలియకపోతే అది మనకి ఉపయోగపడదు. ఒక్కోసారి తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఈ ఆర్టికల్‌లో కన్సోల్ గేమ్ రివ్యూ ఎలా తయారవుతుందో, స్కోర్ లెక్క ఎలా ఉంటుందో, దాన్ని మనం ఎలా చదవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. రివ్యూ ఎలా తయారవుతుంది?

పెద్ద గేమ్ ఏదైనా రిలీజ్‌కి కొన్ని రోజుల ముందే (ఒక్కోసారి రెండు మూడు వారాల ముందే) పబ్లిషర్ రివ్యూ కోడ్‌లు పంపిస్తాడు. దాన్ని కన్సోల్‌లో రిడీమ్ చేసుకుని క్రిటిక్ ఆడతాడు. కోడ్‌తో పాటు ఒక షరతుల పత్రం కూడా వస్తుంది. రివ్యూ ఏ తేదీన, ఏ గంటకి పబ్లిష్ చేయాలి, కథలో ఎక్కడి వరకు చెప్పొచ్చు, ఏ సీన్ల వీడియో చూపించకూడదు అనేవి అందులో ఉంటాయి. ఆ తేదీని ఎంబార్గో అంటారు. ఒకే రాత్రి ఒకే నిమిషానికి యాభై వెబ్‌సైట్లలో ఒకే గేమ్ రివ్యూ ఎందుకు వస్తుందా అని మీకెప్పుడైనా అనిపించి ఉంటే, కారణం ఇదే.

ఎంబార్గో ఉండటం తప్పు కాదు. అది లేకపోతే ముందు పెట్టినవాడికే క్లిక్‌లు వస్తాయి కాబట్టి అందరూ రెండు గంటలు ఆడి హడావుడిగా రాసేస్తారు. కానీ ఎంబార్గో ఎప్పుడు ఎత్తేస్తున్నారు అనేది మనకి పనికొచ్చే సమాచారం. రిలీజ్‌కి వారం ముందే రివ్యూలు వస్తే, పబ్లిషర్‌కి తన గేమ్ మీద నమ్మకం ఉందని అర్థం చేసుకోవచ్చు. గేమ్ అమ్మకానికి వచ్చిన తర్వాత గానీ రివ్యూలు రాకపోతే, కాస్త ఆగడమే మంచిది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన విషయాలు రెండు ఉన్నాయి.

మొదటిది టైమ్. "పర్సోనా 5" లాంటి గేమ్ పూర్తి చేయాలంటే వంద గంటల దగ్గర పడుతుంది. పది రోజుల్లో రివ్యూ రాయాలంటే రోజుకి పది గంటలు ఆడాలి. మనం ఆఫీసు నుంచి వచ్చి రోజుకి గంట చొప్పున మూడు నెలలు ఆడే గేమ్‌ని క్రిటిక్ పది రోజుల్లో మింగేస్తాడు. ఒకే రకం పనులు మళ్లీ మళ్లీ చేయించే గేమ్ అతనికి విసుగ్గా అనిపించొచ్చు, మనకి అనిపించకపోవచ్చు. దీనికి రివర్స్‌లో కూడా జరుగుతుంది.

రెండోది డే వన్ ప్యాచ్. క్రిటిక్ ఆడేది చాలాసార్లు ఫైనల్ వెర్షన్ కాదు. "ఈ బగ్స్ మాకు తెలుసు, రిలీజ్ రోజు ప్యాచ్‌లో సరిచేస్తాం" అని పబ్లిషర్ ఒక లిస్ట్ పంపిస్తాడు. సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. స్టేజింగ్‌లో బాగానే ఉన్నది ప్రొడక్షన్‌కి వెళ్లాక పడిపోవడం, అక్కడ కనిపించిన ఎర్రర్ ఇక్కడ మాయమవడం రోజూ చూస్తూనే ఉంటాం. క్రిటిక్ ఆ మాట నమ్మాలా, లేక తన ముందు ఉన్న గేమ్‌కే మార్కులు వేయాలా? దీనికి ఒక్కో వెబ్‌సైట్‌ది ఒక్కో పద్ధతి. మంచి రివ్యూలో ఏ కన్సోల్ మీద, ఎన్ని గంటలు, ప్యాచ్‌కి ముందా తర్వాతా అనేది స్పష్టంగా రాసి ఉంటుంది.

2. ఎవరి స్కేల్ వాళ్లది

స్కోర్ అంటే అందరికీ ఒకటే అనుకుంటాం కానీ కాదు.

• ఫామిట్సు: జపాన్ మ్యాగజైన్, 1986లో మొదలైంది. దీని "క్రాస్ రివ్యూ"లో నలుగురు రివ్యూయర్లు విడివిడిగా పదికి మార్కులు వేస్తారు. మొత్తం 40. మొట్టమొదటిసారి 40కి 40 తెచ్చుకున్న గేమ్ "ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకారినా ఆఫ్ టైమ్", 1998లో.

• ఐజీఎన్: చాలా ఏళ్లు 8.7, 9.3 అంటూ దశాంశాల్లో ఇచ్చేది. 2020 నుంచి 1 నుంచి 10 వరకు పూర్తి అంకెలే. ఒకప్పుడు గ్రాఫిక్స్, సౌండ్, గేమ్‌ప్లే అంటూ విడివిడిగా మార్కులు వేసి, చివర్లో మొత్తం స్కోర్ కింద "ఇది సగటు కాదు" అని కూడా రాసేవాళ్లు.

• ఎడ్జ్: 1993లో మొదలైన బ్రిటన్ మ్యాగజైన్. 10 ఇవ్వడంలో చాలా పిసినారి. దీని మొదటి 10 "సూపర్ మారియో 64"కి వచ్చింది.

• యూరోగేమర్: 2015లో నంబర్లు తీసేసి, "తప్పక ఆడాలి", "ఆడొచ్చు", "వద్దు" తరహా గుర్తులు పెట్టింది. 2023లో మళ్లీ మనసు మార్చుకుని ఐదు నక్షత్రాల పద్ధతికి వచ్చింది.

• పాలిగాన్: 2018లో స్కోర్లు మానేసింది.

ఐజీఎన్ "ఇది సగటు కాదు" అనడంలో అర్థం ఉంది. గేమ్ అంటే క్వశ్చన్ పేపర్ కాదు. గ్రాఫిక్స్‌కి 9, సౌండ్‌కి 9, కథకి 9 వచ్చినా, కంట్రోల్స్ చేతికి చిక్కకపోతే ఆ గేమ్ ఆడలేం. పాత పిక్సెల్ గ్రాఫిక్స్‌తో ఉన్న చిన్న గేమ్‌ని మాత్రం వదలబుద్ధి కాదు. ఫోన్ రివ్యూలో కూడా కెమెరా 9, డిస్‌ప్లే 9, బ్యాటరీ 3 ఉంటే సగటు 7 అని చెప్పి కొనమనలేం కదా.

3. పదికి 7 అంటే ఎందుకు "యావరేజ్" అయింది?

స్కేల్ 1 నుంచి 10 వరకు ఉన్నప్పుడు సగం అంటే 5. కానీ పేరున్న గేమ్‌కి 7 వస్తే ఫ్యాన్స్ గొడవ పెట్టేస్తారు. ఎందుకిలా?

ఒక కారణం, బాగా చెత్త గేమ్స్‌ని పెద్ద వెబ్‌సైట్లు అసలు రివ్యూనే చేయవు. స్టోర్లలో వారానికి ఎన్నో గేమ్స్ వచ్చి పడతాయి. రాసేవాళ్లు కొద్దిమంది. పాఠకులు ఎదురుచూసేవాటినే ఎంచుకుంటారు. అంటే రివ్యూ దాకా వచ్చాయంటేనే ఒక వడపోత అయిపోయినట్టు. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ల సీజీపీఏలు మాత్రమే చూసి "క్లాస్ సగటు 8" అన్నట్టుంటుంది.

రెండో కారణం, అమెరికా స్కూళ్ల మార్కుల అలవాటు. అక్కడ 70 శాతం అంటే సాధారణంగా "సీ" గ్రేడ్, 60 కంటే తగ్గితే ఫెయిల్. పేరున్న గేమింగ్ వెబ్‌సైట్లలో చాలావరకు అక్కడివే. కాబట్టి 5 అంటే వాళ్ల కంటికి సగటు కాదు, ఫెయిల్.

మనకి ఇది అర్థం కాకపోవడానికేం లేదు. తెలుగు సినిమా రివ్యూల్లో ఐదుకి 2.75 అంటే ఏంటో, 3.25 అంటే ఏంటో అందరికీ తెలుసు. లెక్క ప్రకారం రెండింటికీ తేడా అర పాయింటే. కానీ ఒకటి చూసి టికెట్ బుక్ చేస్తాం, ఇంకోటి చూసి ఓటీటీలో వచ్చాక చూద్దాంలే అనుకుంటాం. గేమ్ స్కోర్లకి కూడా ఇలాంటి లోపలి భాష ఒకటి ఉంది. 9, 10 అంటే ఈ రకం గేమ్స్ నచ్చనివాళ్లు కూడా ఒకసారి చూడొచ్చు. 8 అంటే ఈ రకం నచ్చేవాళ్లు ధైర్యంగా కొనొచ్చు. 7 అంటే ఆ రకం మీద బాగా ఇష్టం ఉంటేనే, లేదా సేల్‌లో. 6, అంతకంటే తక్కువ అంటే ఎక్కడో గట్టి సమస్య ఉంది, అదేంటో చదివి తెలుసుకోవాలి.

4. మెటాక్రిటిక్ లెక్క

ఇక అందరూ చూసే నంబర్‌కి వద్దాం. మెటాక్రిటిక్ 2001లో మొదలైంది. వేర్వేరు వెబ్‌సైట్ల స్కోర్లన్నీ తీసుకుని, 100కి మార్చి, ఒకే "మెటాస్కోర్" చేస్తుంది. గేమ్స్‌లో 75, ఆ పైన ఉంటే గ్రీన్, 50 నుంచి 74 వరకు ఎల్లో, అంతకంటే తక్కువైతే రెడ్. కనీసం నాలుగు రివ్యూలు లేకపోతే మెటాస్కోర్ రాదు.

ఇందులో మెలికలు నాలుగున్నాయి.

మొదటి మెలిక, ఇది మామూలు సగటు కాదు. కొన్ని వెబ్‌సైట్లకి ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ బరువు ఇస్తారు. ఏ వెబ్‌సైట్‌కి ఎంత అనేది బయటపెట్టరు. దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఒక ఊహా లెక్కలో చూద్దాం. ఒక గేమ్‌కి నాలుగు రివ్యూలు: 90, 80, 80, 60. మామూలు సగటు 77.5, అంటే గ్రీన్. 60 ఇచ్చిన వెబ్‌సైట్‌కి రెట్టింపు బరువు ఇస్తే సగటు 74కి పడిపోయి ఎల్లో అవుతుంది. అదే 90 ఇచ్చినవాళ్లకి రెట్టింపు బరువు ఇస్తే 80 అవుతుంది. రివ్యూలు అవే, గేమ్ అదే, రంగు మారిపోయింది. రివ్యూలు వందకి పైగా ఉన్న పెద్ద గేమ్స్‌కి ఈ తేడా అంతగా కనిపించదు. పది రివ్యూలు మాత్రమే ఉన్న చిన్న గేమ్స్‌కి మాత్రం బాగా తగులుతుంది.

రెండో మెలిక, స్కేల్ మార్పిడి. ఐదు నక్షత్రాల్లో నాలుగు అంటే 80, మూడు అంటే 60. మధ్యలో 70 ఇవ్వాలనుకున్న క్రిటిక్‌కి దారి లేదు. "పరవాలేదు, ఆడొచ్చు" అనే ఉద్దేశంతో మూడు నక్షత్రాలు ఇస్తే, ఇక్కడికి వచ్చేసరికి 60 అయి ఎల్లోలో పడుతుంది. అక్షరాల గ్రేడ్‌లయితే ఇంకా విచిత్రం. "బీ" గ్రేడ్‌ని 75గా, "బీ మైనస్"ని 67గా లెక్కిస్తారు.

మూడో మెలిక, మెటాక్రిటిక్ మొదటి స్కోర్‌నే పట్టుకుంటుంది. ఆ తర్వాత వెబ్‌సైట్ తన స్కోర్ మార్చినా ఇక్కడ మారదు. ఒత్తిడి తెచ్చి స్కోర్లు పెంచుకోకుండా పెట్టిన రూల్ ఇది. ఉద్దేశం మంచిదే. కానీ గేమ్ తర్వాత బాగుపడినా, పాడైపోయినా మెటాస్కోర్‌కి తెలియదు.

నాలుగో మెలిక, సగటు చూస్తే అభిప్రాయ భేదం కనిపించదు. గేమ్ ఏకి ఐదుగురూ 80 ఇచ్చారనుకోండి, సగటు 80. గేమ్ బీకి ముగ్గురు 100, ఇద్దరు 50 ఇచ్చారనుకోండి, దాని సగటు కూడా 80. మొదటిది అందరికీ ఓ మోస్తరుగా నచ్చే గేమ్. రెండోది ఉంటే ప్రాణం, లేకపోతే విసుగు. ఇది కేవలం ఊహ కాదు. 2019 నవంబర్‌లో వచ్చిన "డెత్ స్ట్రాండింగ్" పీఎస్4లో మెటాస్కోర్ 82. కానీ ఫామిట్సు 40కి 40 ఇస్తే, ఐజీఎన్ 6.8 ఇచ్చింది. సరుకులు వీపున మోసుకుంటూ కొండలు దాటడమే ఆ గేమ్‌లో ప్రధానమైన పని. అది మీకు ప్రశాంతంగా ఉంటుందా, నరకంలా ఉంటుందా అనేది 82 చెప్పలేదు. లోపల రాసిన పేరాలే చెప్తాయి.

మెటాక్రిటిక్‌కి బదులు ఓపెన్‌క్రిటిక్ కూడా చూడొచ్చు. 2015లో వచ్చింది. ఇది బరువులు లేకుండా మామూలు సగటు తీస్తుంది. దాంతో పాటు ఎంత శాతం మంది క్రిటిక్స్ ఈ గేమ్‌ని సిఫార్సు చేశారో చూపిస్తుంది. నాలుగో మెలికకి కొంతవరకు ఇదే జవాబు.

5. ఒక్క పాయింట్ ఖరీదు

ఈ నంబర్లు మనకి ఐదు వేల రూపాయల ప్రశ్న అయితే, గేమ్ తయారుచేసినవాళ్లకి జీతం ప్రశ్న.

2010 అక్టోబర్‌లో అబ్సిడియన్ అనే స్టూడియో చేసిన "ఫాలౌట్: న్యూ వేగస్" వచ్చింది. పబ్లిషర్ బెథెస్డా. మెటాస్కోర్ 85 వస్తేనే స్టూడియోకి బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. ఈ సంగతి 2012లో ఆ స్టూడియోకే చెందిన క్రిస్ అవెలోన్ బయటపెట్టాడు. గేమ్ రాయల్టీ కూడా లేదు, ఉన్నది ఆ బోనస్ ఆశే. ఒక్క పాయింట్ దగ్గర అది పోయింది.

పైన చూసిన లెక్కలు మళ్లీ గుర్తుచేసుకోండి. బరువులు రహస్యం, స్కేల్ మార్పిడిలో పదేసి పాయింట్లు అటూ ఇటూ అవుతాయి. అలాంటి కొలతలో 84కీ 85కీ తేడా అంటే థర్మామీటర్ కొలవలేనంత చిన్న తేడాని చూసి జ్వరం ఉందో లేదో తేల్చినట్టు. అయినా దాని మీద ఒక టీమ్ మొత్తం బోనస్ ఆధారపడింది. కాబట్టి మనం గేమ్ కొనేటప్పుడు 84కీ 87కీ తేడా వెతకడంలో అర్థం లేదు. 84కీ 64కీ తేడా ఉంటే మాత్రం దానికి కారణం ఉంటుంది.

6. కేస్ స్టడీ: సైబర్‌పంక్ 2077

ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ ఒకేచోట కలిసిన గేమ్ ఇది. అందుకే కాస్త వివరంగా చూద్దాం.

పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ దీన్ని 2020 డిసెంబర్ 10న రిలీజ్ చేసింది. మూడు రోజుల ముందు, డిసెంబర్ 7న రివ్యూలు వచ్చాయి. స్కోర్లు అదిరిపోయాయి. ఐజీఎన్ 9 ఇచ్చింది. గేమ్‌స్పాట్ 7 ఇస్తే, ఇంకా ఎవరూ గేమ్ ఆడకముందే ఆ క్రిటిక్ మీద ఫ్యాన్స్ విరుచుకుపడ్డారు.

కానీ ఆ రివ్యూలన్నీ పీసీ వెర్షన్‌వి. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వెర్షన్లు రిలీజ్‌కి ముందు రివ్యూయర్లకి అందలేదు. పైగా ముందు రివ్యూల్లో తాము ఆడిన వీడియో చూపించకూడదు, కంపెనీ ఇచ్చిన వీడియోనే వాడాలి అనే షరతు ఉంది. అప్పటికే 80 లక్షల ప్రీఆర్డర్లు వచ్చేశాయి. అందులో పాత కన్సోల్స్ ఉన్నవాళ్లు చాలామంది.

రిలీజ్ రోజు వాళ్ల ఇళ్లలో ఏం జరిగింది? మసక బొమ్మ, ఆగి ఆగి నడిచే గేమ్, మధ్యలో క్రాష్‌లు. తర్వాత ఐజీఎన్ పాత కన్సోల్స్‌కి విడిగా రివ్యూ చేసి 4 ఇచ్చింది. పీసీలో 9, అదే గేమ్‌కి కన్సోల్‌లో 4! మెటాక్రిటిక్‌లో కూడా పీసీ స్కోర్ 86 దగ్గర నిలిస్తే, పీఎస్4 స్కోర్ 57కి వచ్చింది. డిసెంబర్ 17న సోనీ ఆ గేమ్‌ని ప్లేస్టేషన్ స్టోర్ నుంచే తీసేసి, స్టోర్‌లో కొన్నవాళ్లకి డబ్బులు వెనక్కి ఇస్తామంది. 2021 జూన్ 21 వరకు అది మళ్లీ స్టోర్‌లో కనిపించలేదు. పాత కన్సోల్స్ పనిని తక్కువ అంచనా వేశామని కంపెనీ సహ వ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ 2021 జనవరిలో వీడియో పెట్టి ఒప్పుకున్నాడు.

ఇందులో కూడా ఒక స్కోర్ బోనస్ కథ ఉంది. ఆ స్టూడియో ఉద్యోగుల బోనస్ 90కి పైన రివ్యూ స్కోర్లు రావడంతో ముడిపడి ఉండేదని, లాంచ్ తర్వాత ఆ షరతు తీసేసి అందరికీ ఇచ్చేశారని బ్లూమ్‌బర్గ్ అప్పట్లో రిపోర్ట్ చేసింది.

ఇక్కడితో అయిపోలేదు. తర్వాతి మూడేళ్లలో గేమ్‌ని ప్యాచ్ చేస్తూ వచ్చారు. 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్, "ఫాంటమ్ లిబర్టీ" ఎక్స్‌పాన్షన్ వచ్చాయి. కానీ అప్పట్లో ఈ రెండూ పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోల్స్‌కి, పీసీకి మాత్రమే. పాత కన్సోల్స్‌కి రాలేదు. అంటే ఇవాళ పీఎస్5 ఉన్నవాళ్లకి అది కొనదగ్గ గేమ్. పీఎస్4 ఉన్నవాళ్లకి కాదు. పేరు ఒకటే, డబ్బా మీద బొమ్మ ఒకటే.

దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒక్క ముక్కలో: స్కోర్ పక్కన ప్లాట్‌ఫామ్ పేరు లేకపోతే ఆ స్కోర్ మీది కాదు.

7. స్కోర్‌లో కనిపించని మూడు విషయాలు

ఫ్రేమ్ రేట్: 30 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7 మిల్లీసెకన్లు. యావరేజ్ కన్నా స్థిరంగా ఉండటం ముఖ్యం. "ఎల్డెన్ రింగ్"కి పీఎస్5లో మెటాస్కోర్ 96. అయినా పీఎస్5 వెర్షన్‌లో ఫ్రేమ్ రేట్ 60 దగ్గర నిలకడగా ఉండదు. అదే పీఎస్5లో పీఎస్4 వెర్షన్ ఇన్‌స్టాల్ చేసి ఆడితే 60 స్థిరంగా వస్తుందని డిజిటల్ ఫౌండ్రీ టెస్ట్ చేసి చూపించింది. ఈ సంగతి 96లో ఎక్కడా లేదు. ఫోన్ రివ్యూలో బెంచ్‌మార్క్ చూసినట్టే, గేమ్‌కి డిజిటల్ ఫౌండ్రీ లాంటి టెక్నికల్ రివ్యూ విడిగా చూడాలి.

ఆన్‌లైన్: రివ్యూ టైమ్‌లో సర్వర్ మీద కొన్ని వందల మంది ఉంటారు. రిలీజ్ రోజు లక్షల మంది వస్తారు. 2014 నవంబర్‌లో ఎక్స్‌బాక్స్ వన్‌కి వచ్చిన "హేలో: ది మాస్టర్ చీఫ్ కలెక్షన్"కి మంచి రివ్యూలే వచ్చాయి. కానీ రిలీజ్ అయ్యాక వారాల తరబడి ఆన్‌లైన్ మ్యాచ్‌లు దొరకలేదు. మనకి ఇంకో సమస్య కూడా ఉంది. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో కూర్చున్న క్రిటిక్‌కి సర్వర్ పక్క ఊళ్లో ఉన్నట్టు ఉంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆడే మనకి సర్వర్ సింగపూర్‌లో ఉంటే పింగ్ వేరు. ఫైటింగ్, షూటింగ్ గేమ్స్ అయితే మన దగ్గర ఆడేవాళ్ల మాటే ఫైనల్.

లాంచ్ తర్వాత మార్పులు: "గ్రాన్ టురిస్మో 7" 2022 మార్చి 4న వచ్చింది. క్రిటిక్స్ బాగా మెచ్చుకున్నారు. అదే నెలలో వచ్చిన ఒక అప్‌డేట్ వల్ల ఒక రోజుకి పైగా సర్వర్లు ఆగిపోయాయి. ఆన్‌లైన్ లేకపోతే సింగిల్ ప్లేయర్‌లో కూడా చాలా భాగం ఆడలేని గేమ్ అది. పైగా ఆ అప్‌డేట్‌లో రేసులు గెలిస్తే వచ్చే క్రెడిట్లు తగ్గించారు. అంటే కారు కొనాలంటే ఎక్కువ గంటలు ఆడాలి, లేదా నిజం డబ్బులు పెట్టాలి. ఆటగాళ్లు గట్టిగా తిరగబడటంతో, డైరెక్టర్ కజునోరి యమౌచి సారీ చెప్పి, పది లక్షల క్రెడిట్లు ఇచ్చి, బహుమతులు పెంచాల్సి వచ్చింది. ఈ గొడవంతా రివ్యూలు వచ్చేసిన తర్వాత జరిగింది.

8. స్కోర్లు డబ్బులిచ్చి కొంటారా?

ఈ అనుమానం అందరికీ వస్తుంది. సూటిగా చెప్పాలంటే, "ఇంత డబ్బు, ఇంత స్కోర్" అనే బేరం కంటే, యాడ్‌ల ఒత్తిడి అనేది నిజమైన సమస్య. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ జెఫ్ గర్స్ట్‌మన్. 2007 నవంబర్‌లో గేమ్‌స్పాట్‌లో "కేన్ అండ్ లించ్: డెడ్ మెన్" అనే గేమ్‌కి అతను 6 ఇచ్చాడు. అదే టైమ్‌లో ఆ వెబ్‌సైట్ నిండా ఆ గేమ్ యాడ్‌లే. కొద్ది రోజుల్లోనే అతని ఉద్యోగం పోయింది. అడ్వర్టైజర్ల ఒత్తిడి దీని వెనుక ఉందని 2012లో అతనే బయటికి చెప్పాడు. గమనించండి, అతను ఇచ్చింది 2 కాదు, 3 కాదు, 6.

ఆ గొడవ తర్వాత పాఠకులు, తోటి ఉద్యోగులు ఊరుకోలేదు. పలువురు గేమ్‌స్పాట్ వదిలి వెళ్లిపోయారు. పేరు ముఖ్యమని వెబ్‌సైట్లకి బాగా తెలిసొచ్చింది. కాబట్టి అన్ని రివ్యూలూ అమ్ముడుపోయాయి అనేయడం కూడా అన్యాయమే. అంతకంటే మంచి పద్ధతి, ఒకరిద్దరు క్రిటిక్స్‌ని ఎంచుకుని ఫాలో అవ్వడం. వాళ్లకి నచ్చినవి మీకు నచ్చుతున్నాయా అని నాలుగైదు గేమ్స్ చూస్తే, వాళ్ల 7కి మీ దగ్గర విలువ ఎంతో తెలిసిపోతుంది.

9. మరి యూజర్ స్కోర్ నమ్మొచ్చా?

"క్రిటిక్స్ వద్దు, జనం మాట చూద్దాం" అంటారు చాలామంది. 2020 జూన్ 19న "ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2" వచ్చింది. క్రిటిక్స్ మెటాస్కోర్ 93. యూజర్ స్కోర్ మాత్రం రిలీజ్ అయిన కొన్ని గంటల్లోనే పదికి 3, 4 మధ్యకి పడిపోయింది. ఆ గేమ్ పూర్తి చేయడానికే పాతిక గంటల దగ్గర పడుతుంది. అంటే అంతమంది అంత తొందరగా ఆడి రాసింది కాదు, కథ లీక్‌ల మీద కోపం. ఆ తర్వాత మెటాక్రిటిక్ ఒక రూల్ పెట్టింది: రిలీజ్ అయిన 36 గంటల వరకు యూజర్లు రివ్యూ రాయలేరు.

అలాగని యూజర్ రివ్యూలు పనికిరావని కాదు. గ్రాన్ టురిస్మో 7 విషయంలో క్రిటిక్స్ స్కోర్‌లో లేని సమస్యని బయటపెట్టింది వాళ్లే. నంబర్ వదిలేసి, "ఇన్ని గంటలు ఆడాను, ఈ కన్సోల్, ఈ ప్యాచ్" అని రాసినవాళ్ల మాట చదవండి. పదికి 0, పదికి 10 రెండూ పక్కన పెట్టేయొచ్చు.

ఇంకో చిన్న విషయం. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ చేసిన "రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్" 2020లో ముందుగా నింటెండో స్విచ్‌కి వచ్చింది. దుర్గమ్మ, విష్ణుమూర్తి కలిసి కథ చెప్తుంటే ఒక అమ్మాయి రాక్షసుల మీద పోరాడే గేమ్ అది. అమ్మవారంటే ఎవరో కొత్తగా తెలుసుకునే విదేశీ క్రిటిక్‌కి అది ఒకలా ఉంటుంది, చిన్నప్పటి నుంచి ఆ కథలు వింటూ పెరిగిన మనకి ఇంకోలా ఉంటుంది. కెమెరా, ఫైటింగ్ గురించి వాళ్లు చెప్పింది మనకీ వర్తిస్తుంది. కథ గురించి చెప్పింది వర్తించకపోవచ్చు. రివ్యూలో ఏ ముక్క మనది, ఏ ముక్క కాదు అని విడదీసుకోవడం అంటే ఇదే.

10. కొనే ముందు ఈ ఏడు చూసుకోండి

1. స్కోర్ ఏ ప్లాట్‌ఫామ్‌ది? మీ దగ్గర ఉన్న కన్సోల్‌దేనా?
2. ఎన్ని రివ్యూల మీద వచ్చిన సగటు? పదికి తక్కువైతే నంబర్‌ని పట్టించుకోవద్దు.
3. అన్నిటికంటే ఎక్కువ ఇచ్చిన రివ్యూ ఒకటి, అన్నిటికంటే తక్కువ ఇచ్చిన రివ్యూ ఒకటి చదవండి. తక్కువ ఇచ్చినవాళ్లు చెప్పిన కారణం మీకు కూడా ఇబ్బందేనా?
4. రివ్యూ తేదీ, ఇప్పటి ప్యాచ్ చూడండి. ఆరు నెలలు దాటితే కొత్త రివ్యూ వెతకండి.
5. మీ కన్సోల్‌లో ఫ్రేమ్ రేట్ వీడియో చూడండి.
6. ఆన్‌లైన్ గేమ్ అయితే మన దేశంలో ఆడేవాళ్లు పింగ్ గురించి ఏం అంటున్నారో చూడండి.
7. అనుమానం ఉంటే ప్రీఆర్డర్ వద్దు. డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోల్ అయితే డిస్క్ కొనండి, నచ్చకపోతే సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు. డిజిటల్‌లో ఆ దారి లేదు.

ఇదంతా చూడటానికి అరగంట పడుతుంది. గ్రీన్ రంగులో ఉన్న ఒక్క నంబర్ చూసి కొంటే అర నిమిషం. ఐదు వేల రూపాయల వస్తువుకి అరగంట ఎక్కువేం కాదు. సైబర్‌పంక్ పీఎస్4 వెర్షన్‌ని ముందే బుక్ చేసుకున్నవాళ్లు కూడా రిలీజ్ అయ్యాక ఒక్క రోజు ఆగి ఉంటే సరిపోయేది.